ఏడో పేజీలో కొట్టేసిన మాట

మా ఇంట్లో పదకొండేళ్ళు ఒకే పద్ధతిలో తెల్లవారింది. ఐదున్నరకి మా ఆయన ఎల్డన్ లేచి, మేజోళ్ళతోనే వంటగదిలోకి వచ్చి, బల్ల మీదున్న పాత కంప్యూటరు మూత తెరిచేవాడు. అది వెలిగేలోపు నేను కాఫీ పెట్టి, పెనం మీద రెండు గుడ్లు కొట్టేదాన్ని. జనవరి నుంచి మే దాకా, రాజధానిలో శాసనసభ నడిచినన్నాళ్ళూ, ఆ రోజు ఏ బిల్లు ఏ కమిటీ ముందుకి వస్తుందో, ఏది వాయిదా పడిందో, ఏది చచ్చిందో చదివి వినిపించేవాడు. "కోళ్ళఫారాల బిల్లు కదిలింది లావోన్. పడవల రిజిస్ట్రేషన్ బిల్లూ కదిలింది. మనది మాత్రం కుర్చీకి అతుక్కుపోయింది," అనేవాడు. గుడ్లు తిని, టోపీ పెట్టుకుని, ఆరుంబావుకి పనిలోకి వెళ్ళేవాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. గుడ్లు వేయడం మానేశాను. కాఫీ సగమే పెడుతున్నాను, అదీ మిగిలిపోతోంది.

జనవరి ఇరవై తొమ్మిదిన ఎల్డన్ తను పనిచేసే గిడ్డంగి మెట్ల మీద కూలిపోయాడు. గుండె. ఖననం రోజున చర్చి కింది హాల్లో ఆడవాళ్ళు హామ్ శాండ్‌విచ్‌లూ, మీగడలో ఉడికించిన బంగాళాదుంపలూ వడ్డించి, మిగిలినవి నా కారులో పెట్టి పంపారు. మర్నాడు ఐదున్నరకే మెలకువ వచ్చింది. లేచి కంప్యూటరు తెరిచాను. తను పోవడానికి వారం ముందే ఈ ఏటి బిల్లును సభలో పెట్టారు. నంబరు 2184. దాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

ఎల్డన్ టీమన్ గురించి ఊళ్ళో ఎవర్నడిగినా గోధుమల మనిషి అనే చెప్తారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు రైతుల సహకార గిడ్డంగిలో పనిచేశాడు. పంట కాలంలో లారీలు బారులు తీరేవి. తను బోలుగా ఉండే పొడవాటి ఇనుప గొట్టం లారీలోని గింజల్లోకి అడుగుదాకా దింపి, పైదీ నడిమిదీ అడుగుదీ కలిపి తీసి, తేమ చూసి, రకం రాసేవాడు. పైన ఎండు గింజ పరిచి కింద తడి గింజ నింపుకొచ్చినవాళ్ళని ఏమీ అనేవాడు కాదు. చేతిలో గింజలు వాళ్ళకి చూపించి, "వర్షం నీ పొలంలో కింద నుంచి పైకి కురిసినట్టుందే," అనేవాడు. వాళ్ళూ నవ్వేసి లారీ తిప్పుకుపోయేవాళ్ళు.

గంజాయి పేరెత్తితే మండిపడే మనిషి. సొంత తమ్ముడి దగ్గర ఆ వాసన వచ్చిందని థాంక్స్‌గివింగ్ పండగ భోజనం బల్ల దగ్గర నుంచి లేపి పంపేశాడు. అలాంటివాడు మా కెల్సీ కోసం నది దాటాడు.

కెల్సీ మా ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. తొమ్మిదో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. మాటలు తగ్గాయి, నడక తగ్గింది, చేతులు చెంచా పట్టుకోవడం మర్చిపోయాయి. డాక్టర్లు ఇచ్చిన మందులన్నీ వాడాం. అయినా ఫిట్స్ వారానికి ఇరవై సార్లు వచ్చేవి. నదికి అవతలి రాష్ట్రంలో గంజాయి నూనె దుకాణాల్లో అమ్ముతారనీ, కొందరికి పనిచేస్తోందనీ ఎవరో చెప్పారు. ఇవతల, మా రాష్ట్రంలో, అది దగ్గరుంటే నేరం. ఎల్డన్ రెండు నెలలు ఆలోచించాడు. చివరికి ఒక శనివారం, బోర్డు మీద రాసిన వేగానికి ఒక్క మైలు అటూ ఇటూ కాకుండా నడుపుకుంటూ వెళ్ళాడు. ముక్కుకి రింగు పెట్టుకున్న దుకాణం అమ్మాయి, "ఏం తాతా, మోకాళ్ళ నొప్పులా?" అని అడిగిందట. "తాతని కాదమ్మా, తండ్రిని," అని చెప్పి నూనె తెచ్చుకున్నాడు. తిరిగొచ్చాక స్టీరింగు తుడిస్తే తువ్వాలు తడిసిపోయింది.

ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ నాలుక కింద మూడేసి చుక్కలు. నెల తిరిగేసరికి ఫిట్స్ వారానికి ఒకటీ అరా అయ్యాయి. కెల్సీ మళ్ళీ కిటికీలోంచి పిట్టల్ని చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఎల్డన్ ఆ నవ్వు చూసి వరండాలోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. లోపలికొచ్చి, "బతికినన్నాళ్ళూ దొంగలా బతకను. చట్టం మారేదాకా కనిపెట్టుకునే ఉంటాను," అన్నాడు. అలా మొదలైంది ఆ కంప్యూటరు.

ప్రతి ఏడూ ఆ నూనెను అనుమతించాలని ఒక బిల్లు వచ్చేది, కమిటీలో కూర్చునేది, గడువు దాటి చచ్చిపోయేది. తను గోడ కేలండర్లో దాని నంబరు మీద గీత గీసి, "వచ్చే ఏడు," అనేవాడు. కానీ కమిటీ ముందుకెళ్ళి ఎప్పుడూ మాట్లాడలేదు. అక్కడ మాట్లాడినవాళ్ళ పేరూ ఊరూ రికార్డుల్లోకి ఎక్కుతాయి, ఎవరైనా చూసుకోవచ్చు. మాట్లాడటమంటే నేరం ఒప్పుకోవడమే. మా ఇద్దరిలో ఎవరినైనా తీసుకుపోతే కెల్సీని రాష్ట్రం వాళ్ళ హోములో పెడతారు. అక్కడ ఆ మూడు చుక్కలు పట్టేవాళ్ళుండరు.

తను పోయాక ఫిబ్రవరిలో మొదటిసారి నేనే నది దాటాను. రోజూ ఉదయం నంబరు కొట్టి చూసేదాన్ని. 2184, కమిటీ పరిశీలనలో ఉంది. మర్నాడు, కమిటీ పరిశీలనలో ఉంది. మార్చి మూడో వారం దాకా అదే వాక్యం. పాత బిల్లుల్లాగే ఇదీ పోతుందనుకుని కేలండర్ దగ్గరకి కూడా వెళ్ళాను, గీత గీద్దామని. ఎందుకో గీయలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి ట్వైలా ఫోను చేసింది. ట్వైలా రాష్ట్రానికి ఆ చివర ఉంటుంది. నరాల జబ్బు, చక్రాల కుర్చీ. తనూ ఆ నూనె మీదే బతుకుతోంది. ఎల్డన్‌తో ప్రతి ఆదివారం బిల్లుల గురించి ఫోనులో మాట్లాడేది. నేను ఆవిణ్ణి ఒక్కసారీ చూడలేదు.

"లావోన్, రేపు పొద్దున తొమ్మిదింటికి విచారణ. తెలుసుగా?"

దేని విచారణ అన్నాను.

"అయ్యో తల్లీ. నువ్వు ఏ నంబరు చూస్తున్నావు?"

చెప్పాను.

"అది డొల్ల. లోపలి గుజ్జంతా పోయిన వారమే తీసేసి సెలూన్ల లైసెన్సుల బిల్లులో పోశారు. 317. ఎల్డన్ నీకు ఎప్పుడూ చెప్పలేదా?"

చెప్పలేదు. సమావేశాలు ముగియడానికి వచ్చినప్పుడు మా శాసనసభలో అలా చేస్తారట. కదలని బిల్లులోది తీసి, అప్పటికే ఒక సభ దాటిన బిల్లును ఖాళీ చేసి అందులో నింపుతారు. పేరు సెలూన్లదే ఉంటుంది, లోపల గంజాయి ఉంటుంది. నంబరును నమ్ముకుని కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలియదు. ఎల్డన్ బిల్లుల్లోకి కూడా ఆ గొట్టం దింపేవాడన్నమాట. నేను గుడ్లు తిప్పుతుంటే తను చదివేది పైపై పట్టిక మాత్రమే కాదు.

ట్వైలా సంతోషంగా ఉంది. ఈసారి నెగ్గుతుందంది. ఓట్లు లెక్కపెట్టారట, కమిటీలో ఒక్క ఓటు ఎక్కువే ఉందట. "నా కాళ్ళు ఒకదాని మాట ఒకటి వినవు గానీ, ఆ రోజు మటుకు డాన్సు చేస్తాను చూడు," అంది.

ఫోను పెట్టేసి 317 తెరిచాను. పదకొండు పేజీలు. నేను పదో తరగతితో ఆపేసినదాన్ని. వంటల కాగితం చదివినట్టు, వరుస కింద స్కేలు పెట్టుకుని, ఒక్కో వరుసా కిందకి జరుపుకుంటూ చదివాను. కొత్తగా చేర్చిన మాటలు వాలుగా ఉంటాయి. తీసేసినవాటి మీద అడ్డగీత ఉంటుంది. డాక్టరు ఉత్తరం ఉన్న రోగి దగ్గర నూనె ఉంటే నేరం కాదు అని ఉంది. నాలుగైదుసార్లు చదివి, నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చున్నాను.

ఏడో పేజీ, పన్నెండో వరుస. "లేదా ఆ రోగికి మందు పట్టే వ్యక్తి" అన్న మాట మీద అడ్డగీత ఉంది.

అంటే కెల్సీ చేతిలో సీసా ఉంటే తప్పు లేదు. నా చేతిలో ఉంటే తప్పు. కెల్సీ చేతికి సీసా పట్టుకోవడం రాదు.

వెంటనే ట్వైలాకి చేశాను. విన్నది. ఆ వరుస తను గమనించలేదంది. తన సీసా తనే పట్టుకుంటుంది, ఆ మాటతో తనకి అవసరం రాలేదు. తర్వాత నెమ్మదిగా అంది. "ఎవరో ఒక ఓటు కోసం ఆ మాట వదులుకుని ఉంటారు లావోన్. ఇప్పుడు దాన్ని కదిపితే ఆ ఓటు పోతుంది. ఓటు పోతే మొత్తం పోతుంది. రేపు నువ్వు రాకు."

నేను స్కేలు మళ్ళీ ఆ వరుస కింద పెట్టాను.

"నీ మీద కోపంతో అనడం లేదు. ముందు ఇది కానీ. ఆ మాట వచ్చే ఏడు చేర్పించుకుందాం."

"వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్న మనిషిని జనవరిలో పాతిపెట్టి వచ్చాను ట్వైలా."

ట్వైలా ఫోను పెట్టేసింది.

మాట్లాడదల్చుకున్నవాళ్ళు సాయంత్రం ఐదులోపు కాగితం పంపాలి. అప్పటికి నాలుగు దాటింది. రెండు వేళ్ళతో కొట్టాను. పేరు, ఊరు, చెప్పదల్చుకున్నది. కింద మూడు గళ్ళున్నాయి. అనుకూలం, వ్యతిరేకం, తటస్థం. ఎంతసేపు చూశానో. అనుకూలమంటే ఆ అడ్డగీతకీ ఒప్పుకున్నట్టే. వ్యతిరేకమంటే ట్వైలా కుర్చీని నా చేత్తో వెనక్కి లాగినట్టు. తటస్థం గడిలో టిక్కు పెట్టాను. తటస్థం అన్నవాళ్ళని చివర్లో పిలుస్తారనీ, సమయం మిగిలితేనే పిలుస్తారనీ అప్పుడు నాకు తెలియదు. ఐదుకి ఆరు నిమిషాలుండగా కాగితం వెళ్ళింది.

మర్నాడు చీకటితోనే కెల్సీని కారెక్కించాను. దారంతా గాలి. కల్వర్టుల మీద నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. సరిగ్గా ఎనిమిదికి రాజధానిలో శాసనసభ కింది కార్ల షెడ్డులో ఆపాను. పక్క గడిలో రహదారి పోలీసు కారు ఉంది, ఖాళీగా. కెల్సీ గడ్డం ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చుక్కలు లెక్కపెట్టాను. ఒకటి. రెండు. అప్పుడు లిఫ్టు తలుపు తెరుచుకుని యూనిఫారం మనిషి ఒకడు బయటికొచ్చాడు. నా చెయ్యి గాల్లో ఆగింది. అతను కాఫీ కప్పుతో మా కారు ముందునుంచే నడుచుకుంటూ వెళ్ళి, తన కారులో ఏదో తీసుకుని, తిరిగి లిఫ్టెక్కాడు. మూడో చుక్క వేశాను. సీసా సీటు కింద గుడ్డల మధ్య పెట్టేశాను.

పైన వరండాలో మా జిల్లా పోలీసు పెద్ద, షెరీఫ్ రాజర్ డెట్‌మర్ కనిపించాడు. ఎల్డన్‌తో పాటు బళ్ళో చదివినవాడు, శవపేటిక మోసిన ఆరుగురిలో ఒకడు. షెరీఫుల తరఫున బిల్లును వ్యతిరేకించడానికి వచ్చాడు. టోపీ తీసి, కెల్సీని పలకరించి, నన్నడిగాడు.

"నువ్వేంటి లావోన్ ఇక్కడ?"

మాట్లాడటానికొచ్చానన్నాను. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ గదిలో నేనూ ఉంటాను. నువ్వన్నది నా చెవిన పడుతుంది. పడ్డాక వినలేదనలేను. నా ఉద్యోగం అది. ఒక్కసారి ఆలోచించుకో."

"పదకొండేళ్ళు ఆలోచించాం రాజర్," అన్నాను. అతను నా కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

చిన్న గది, నిండా జనం. ముందు వరసలో చక్రాల కుర్చీలో ఒకావిడ ఉంది. ఎర్ర కోటు, తెల్ల జుట్టు. నా వైపు చూసి తల తిప్పుకోగానే ట్వైలా అని అర్థమైంది. సభ్యుల్లో ఒకాయన, "ఇందులో సెలూన్లు ఎక్కడికి పోయాయో ఎవరైనా చెప్తారా, నాకు క్షవరం చేయించుకోవాల్సిన పనుంది," అంటే అందరూ నవ్వారు. అనుకూలం అన్నవాళ్ళు మాట్లాడారు. ట్వైలా మాట్లాడింది, బాగా మాట్లాడింది. తర్వాత వ్యతిరేకం అన్నవాళ్ళు. రాజర్ కాగితం చూసి చదివాడు. గోడ గడియారం తొమ్మిదీ నలభై. పదింటికి పై సభ గంట కొడితే సభ్యులంతా లేచిపోతారు. తొమ్మిదీ యాభై. కెల్సీ నా మోచేయి పట్టుకుని ఊగడం మొదలుపెట్టింది. తన వేళ్ళు బిగుసుకుంటే అది ఫిట్స్‌కి ముందో, విసుగో నాకు కూడా ఒక్కోసారి తెలియదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచాను.

తొమ్మిదీ యాభై నాలుగుకి ఛైర్మన్ కళ్ళద్దాలు సవరించుకుని, తటస్థులు ఇద్దరున్నారు, చెరో నిమిషం అన్నాడు. మొదటాయన మూడు నిమిషాలు తిన్నాడు.

నేను నిలబడి మైకు దగ్గరకి వెళ్ళలేకపోయాను, కెల్సీ చెయ్యి వదల్లేదు. నిలబడ్డచోటి నుంచే మాట్లాడాను. ఏడో పేజీ పన్నెండో వరుస చూడమన్నాను. కాగితాలు తిరగేసిన చప్పుడైంది. సగం మంది ఆ పేజీ అప్పుడే మొదటిసారి తీశారనుకుంటాను. ఆ కొట్టేసిన మాట చదివాను. మా అమ్మాయి చేతులు సీసా పట్టుకోలేవు, పట్టేవాళ్ళు కావాలి, మిగతా బిల్లును నేనేమీ అనను, ఆ ఒక్క గీత తీసేయండి అన్నాను. అంతే. నిమిషం కూడా పట్టలేదు.

ఛైర్మన్ నన్నూ కెల్సీనీ మార్చి మార్చి చూశాడు. కటువుగా అడగలేదు. ఆ మాట ఎందుకు కావాలో రికార్డులో ఉండాలని అడిగినట్టున్నాడు.

"అమ్మా, ఇప్పుడు మీ అమ్మాయికి ఆ నూనె ఎవరు పడుతున్నారు?"

గోడ దగ్గర మైకుల పనివాడు తలెత్తాడు. నా వెనక వరసలో రాజర్ కుర్చీ కిర్రుమంది. మా ఆయన పట్టేవాడని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. చచ్చినవాణ్ణి ఎవరూ తీసుకుపోరు. ఎల్డన్ అయితే ఆ జవాబుకి ఒప్పుకునేవాడు, నాకు తెలుసు.

"నేనే పడుతున్నానండీ," అన్నాను. "పొద్దున ఎనిమిదింటికి కూడా పట్టాను. మీ భవనం కింద, కార్ల షెడ్డులో."

గంట మోగింది. సభ్యులు లేచారు. బయటికి వస్తుంటే ట్వైలా కుర్చీ నా దారికి అడ్డంగా ఆగింది. "మొత్తం పోతే నీ వల్లే," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తర్వాత కెల్సీ కోటుకి విడిపోయిన గుండీ పెట్టి, కుర్చీ తిప్పుకుని వెళ్ళిపోయింది.

గురువారం కమిటీ ఓటు వేసింది. ఆ గీత తీసేశారు. బిల్లు ఒక్క ఓటుతో బయటపడింది. ఏ ఓటు పోయిందో, దాని చోట ఏది వచ్చిందో నాకు తెలియదు. సెలూన్ల గురించి నవ్వించినాయన మాత్రం అనుకూలంగా వేశాడట. మరుసటి వారం రెండు సభలూ దాటింది. ఆ సాయంత్రం ట్వైలా ఫోను చేసి, "డాన్సు చెయ్యలేదులే, కింద పడ్డాను," అని మాత్రం చెప్పింది. ఇద్దరం కాసేపు నవ్వాం.

ఇప్పుడది గవర్నరు బల్ల మీద ఉంది. సంతకం పెట్టడానికి పది రోజులు, ఇవాళ్టికి ఆరు గడిచాయి. తిప్పి పంపినా పంపొచ్చు. సంతకం పడ్డా జూలై దాకా అమల్లోకి రాదు. నా మాటలు, నా పేరూ ఊరూ రికార్డులో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. రాజర్ ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం అతని కారు మా ఇంటి ముందు నెమ్మదించింది. వంటగది కిటికీలోంచి చూశాను, అతనూ చూశాడు. తల ఊపాడో, టోపీ సర్దుకున్నాడో చెప్పలేను. కారు కదిలిపోయింది. రేపు ఆగొచ్చు.

ఈ ఉదయం చుక్కలు పడితే సీసా ఖాళీ అయింది. ఖాళీ అయిన ప్రతిసారీ దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, చాకుతో పైకాగితం గీకి, ఆ ముక్కలు పెరట్లో చెత్త తగలబెట్టే పీపాలో కాల్చి, గాజు పగలగొట్టి ముగ్గురి ఇళ్ళ చెత్తబుట్టల్లో పంచడం నా పని. ఇవాళ నీళ్ళు మరిగాయి, గిన్నెలో పోశాను, చాకు తీశాను. సీసా మీద దుకాణం పేరు, నూనె పేరు, తేదీ, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

చాకు సొరుగులో పెట్టేశాను. నీళ్ళు సింకులో పారబోశాను. సీసాని కిటికీ దగ్గర పెట్టాను, కాగితం వైపు వీధికి కనపడేటట్టు. కెల్సీకి తలదువ్వే టైమయింది.